పోయిన చొక్కా ఎవరిది?

పత్రికలో డెస్కు పనికి కొత్తగా చేరిన రోజులవి. షేర్ మార్కెట్ కుప్పకూలిందని ఇంగ్లిషులో ఏజెన్సీ వార్త వచ్చింది. చిన్న మదుపరులు చాలామంది "లాస్ట్ దెయిర్ షర్ట్స్" అని అందులో ఒక వాక్యం. రాత్రి పదకొండు దాటింది, పేజీ వదలాలి. "పలువురు మదుపరులు తమ చొక్కాలను కోల్పోయారు" అని రాసి పడేశాను. మర్నాడు మా ఇన్‌ఛార్జి పిలిచి, "ఏం బాబూ, అక్కడ తోపులాట కూడా జరిగిందా?" అని అడిగారు. నిండా మునిగారు అని రాయాల్సినచోట జనం చొక్కాలు విప్పించానన్నమాట.

ఆ తప్పు తలుచుకుని నవ్వినవాళ్ళందరికీ కనిపించింది చొక్కా. నన్ను చాలాకాలం వెంటాడింది మాత్రం దాని ముందున్న 'తమ'. "నిండా మునిగారు" అని సరిదిద్దాక ఆ 'దెయిర్' ఎటు పోయింది? తెలుగు వాక్యంలో దానికి చోటే లేదు. పోనీ ఇంగ్లిషులో అది దండగమాటా అంటే, తీసి చూడండి. "లాస్ట్ ద షర్ట్స్" అంటే నిజంగానే బట్టల మూట ఎక్కడో జారిపోయినట్టు. ఉన్నదంతా ఊడ్చుకుపోయిందనే అర్థాన్ని పట్టి నిలిపింది ఆ ఒక్క మాటే.

ఇంగ్లిషు నుడికారంలో ఇలాంటివి అడుగడుగునా తగులుతాయి. ఛేంజ్ యువర్ మైండ్, టేక్ యువర్ టైమ్, లాస్ట్ హిజ్ టెంపర్, బ్రోక్ హర్ హార్ట్, ఓవర్ మై డెడ్ బాడీ. మై, యువర్, హిజ్, హర్, అవర్, దెయిర్ లేకుండా అక్కడ పూట గడవదు. ఇంగ్లిషు బాగానే వచ్చిన మనవాళ్ళు కూడా మాటల తొందరలో "ఐ ఛేంజ్‌డ్ మైండ్", "హి లాస్ట్ టెంపర్" అంటుంటారు. తెలుగులోకి తెచ్చేటప్పుడు అదే మనుషులు ఉన్నదీ లేనిదీ కలిపి 'తన', 'తమ' గుప్పిస్తారు. అటు వెళ్తే ఎగరగొట్టడం, ఇటు వస్తే అతికించడం. ఈ రెండు తప్పులకీ వేరు ఒకటే అని నా అనుమానం.

ముందు పేరు సంగతి. బడి పుస్తకాలు మై, యువర్‌లను ఒకచోట పొసెసివ్ అడ్జెక్టివ్ అంటాయి, మరోచోట పొసెసివ్ ప్రొనౌన్ అంటాయి, ఈమధ్య వచ్చినవి డిటర్మినర్ అంటాయి. మైన్, యువర్స్ మాత్రం అందరికీ ప్రొనౌన్లే. మన 'నా', 'నాది' తేడాయే అది. ఈ పేచీని పరీక్ష పేపర్లకు వదిలేద్దాం. అసలు తిరకాసు పొసెసివ్ అన్న మాటలోనే ఉంది. అది వినగానే మనకు పట్టాదారు పాసుపుస్తకం గుర్తొస్తుంది. "మై ట్రైన్ ఈజ్ లేట్" అన్నవాడు రైల్వేశాఖకు యజమాని కాదు. "మై బాస్" అన్నవాడికి ఆ బాసు మీద ఏ హక్కూ లేదు, ఉన్న హక్కంతా అవతలి పక్కనే. నుడికారంలోకి వచ్చేసరికి ఈ సొంతదారు భావం ఇంకా పలచబడిపోతుంది. అక్కడ 'మై' చెప్పేది ఈ సంగతి ఎవరికి తగిలింది, ఎవరి మీద తేలింది అని. తెలుగు ఆ పనిని వేరే పనిముట్టుతో చేస్తుంది.

పొద్దున్నే పళ్ళు తోముకున్నాం. ఎవరి పళ్ళు? అడిగేవాడుండడు. అదే "పళ్ళు తోమాను" అంటే ఏ చంటిపిల్లాడివో అయ్యుండాలి. "ఆమె తల దువ్వుకుంది" అంటే తన జుట్టే. "ఆమె తల దువ్వింది" అంటే బడికి వెళ్ళే కూతురు ఎదురుగా కూర్చునుంది. ఇంగ్లిషువాడు రెండుచోట్లా 'హర్ హెయిర్' అని, ఏ 'హర్' అనేది సందర్భానికి వదిలేస్తాడు. మనం క్రియకు 'కొను' తగిలించి ముడి వేసేస్తాం. దీన్ని ఆత్మార్థకం అంటారు. 1985లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్‌ల ఆధునిక తెలుగు వ్యాకరణంలో దీని గురించి ఉంది. వ్యాకరణం చదవకపోయినా ప్రతి తెలుగు పిల్లకూ మూడేళ్ళకే వచ్చేసే విద్య ఇది.

ఇప్పుడు నుడికారాల్ని దీని పక్కన పెట్టి చూడండి. "హి ఛేంజ్‌డ్ హిజ్ మైండ్" అంటే మనసు మార్చుకున్నాడు. "హి ఛేంజ్‌డ్ మై మైండ్" అంటే నా మనసు మార్చాడు. ఇంగ్లిషులో హిజ్‌కీ మైకీ ఉన్న తేడాని తెలుగు 'మార్చుకున్నాడు', 'మార్చాడు'లలో దాచుకుంది. మొదటి వాక్యంలో 'తన' రాస్తే తప్పు కాకపోవచ్చు గానీ, కొను చేసిన పనిని మళ్ళీ చేయించినట్టు. "మేక్ అప్ యువర్ మైండ్" అంటే తేల్చుకో. "వాష్డ్ హిజ్ హాండ్స్ ఆఫ్ ఇట్" అంటే చేతులు దులుపుకున్నాడు. "ఈట్ యువర్ హార్ట్ అవుట్"కి నిఘంటువులు ఏవేవో రాస్తాయి గానీ, పక్కింటివాళ్ళు కొత్త కారు కొన్నప్పుడు మా వీధిలో వినబడే మాట "కుళ్ళుకు చావండి". అందులోనూ కొను నక్కి కూర్చుంది చూశారా?

ఇంగ్లిషు వ్యాకరణవేత్తలు బాగా ఇష్టపడే ఒక నిర్మాణం ఉంది. "హి ఎల్బోడ్ హిజ్ వే త్రూ ద క్రౌడ్". ఏడెల్ గోల్డ్‌బర్గ్ 1995లో తెచ్చిన 'కన్‌స్ట్రక్షన్స్' పుస్తకంలో దీనికి పెద్దపీటే వేసింది. ఎల్బో అంటే మోచెయ్యి. దానికి వెళ్ళడం అనే అర్థం ఎక్కణ్ణుంచి వచ్చింది? 'హిజ్ వే' అనే చట్రంలో అలాంటి క్రియ పెడితే దానికి కాళ్ళొచ్చి నడుస్తుంది అన్నది ఆవిడ జవాబు. ఆ చట్రంలో హిజ్ తప్పనిసరి, అదీ కర్తకు చెందినదే కావాలి. అతను ఎల్బో చేస్తూ మరొకరి దారిన పోవడం కుదరదు. ఈ మాట చదివినప్పుడు నాకు తిరునాళ్ళలో జనం గుర్తొచ్చారు. తోసుకుంటూ వెళ్ళాడు. తప్పించుకుంటూ వచ్చాడు. దారి చేసుకుంటూ పోయాడు. అన్నిటా కొనుయే.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాచిపెట్టడం న్యాయం కాదు. "కాళ్ళు పట్టుకున్నాడు" అన్నప్పుడు ఆ కాళ్ళు అతనివి కావు, ఎదుటివాడివి. కొను వస్తువు ఎవరిదో చెప్పదు, ఫలం ఎవరికో చెబుతుంది. కాళ్ళు ఎవరివైనా గండం గట్టెక్కాల్సింది పట్టుకున్నవాడే. అందుకే మై, యువర్‌లకు కొను నూటికి నూరుపాళ్ళూ సాటి అనను. పని పంచుకునే దాయాది అంటాను.

'ఓన్' వచ్చి చేరినప్పుడు తెలుగు ఇంకో ఎత్తు వేస్తుంది. "మైండ్ యువర్ ఓన్ బిజినెస్" అంటే నీ పని నువ్వు చూసుకో. "స్టాండ్ ఆన్ హిజ్ ఓన్ ఫీట్" అంటే తన కాళ్ళ మీద తాను నిలబడటం. "డగ్ హిజ్ ఓన్ గ్రేవ్" అంటే తన గొయ్యి తానే తవ్వుకున్నాడు. హామ్లెట్ నాటకం నుంచి వచ్చిన "హోయిస్ట్ విత్ హిజ్ ఓన్ పెటార్డ్" అనే నుడికారం ఉంది. పెటార్డ్ అంటే కోట తలుపులు పేల్చే చిన్న బాంబు. పెట్టినవాణ్ణే ఎగరేసి కొట్టిందని భావం. మనకు తాను తీసిన గోతిలో తానే పడటం. 'ఓన్' ఇచ్చే ఒత్తుని మనం సర్వనామాన్ని రెండుసార్లు పలికి తెస్తాం. ఇక్కడ 'తన' ఉండాల్సిందే, తీసేస్తే వాక్యం కుంటుతుంది. నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే జంట మాత్రం "బ్లో యువర్ ఓన్ ట్రంపెట్", "సొంత డబ్బా కొట్టుకోవడం". ఓన్‌కి సొంత, యువర్‌కి కొను, బాకాకి డబ్బా. అమెరికాలో ట్రంపెట్ పోయి హారన్ వచ్చింది. మన డబ్బా మాత్రం ఏ దేశం వెళ్ళినా డబ్బాగానే ఉంది.

ఇక కోపం. "లాస్ట్ హిజ్ టెంపర్" అని మొదటిసారి చదివిన పిల్లలు అడిగే ప్రశ్న న్యాయమైనదే: కోపం పోగొట్టుకుంటే శాంతపడాలి గదా? టెంపర్ అన్న మాటకు పాత అర్థం పాళ్ళు సరిగ్గా కుదిరిన మనఃస్థితి, నిగ్రహం. పోయింది అదే. తెలుగులో పోవడం లేదు, రావడమే. కోపం వచ్చింది, ఎవరికి? అతనికి. నిద్ర, ఆకలి, సిగ్గు, అనుమానం అన్నీ మనకు చుట్టాల్లా వచ్చిపోయేవే. ఇంగ్లిషులో అవి మనిషి జేబులో ఉండి జారిపోయేవి. దెబ్బల దగ్గరా అంతే. "హి బ్రోక్ హిజ్ లెగ్" అని ఇంగ్లిషు, అతనికి కాలు విరిగిందని తెలుగు. ఈ విషయంలో ఇంగ్లిషు కాస్త ఒంటరి. ఫ్రెంచ్, జర్మన్ వాళ్ళు కూడా మనలాగే 'కి' విభక్తి వంటిది వాడి, కాలికి 'ద' లాంటి మాట తగిలిస్తారు. ఇంగ్లిషులోనూ ఈ పాత పద్ధతి కొన్నిచోట్ల మిగిలింది. "లుక్ మి ఇన్ ది ఐ" అంటారు గానీ 'మై ఐ' అనరు. మనిషిని ముందే చెప్పేశాక కన్ను ఎవరిదో చెప్పక్కర్లేదని అక్కడ వాళ్ళకూ తోచింది.

నిఘంటువు దగ్గరికి వద్దాం. ఎ.ఎస్. హార్న్‌బీ నిఘంటువు 1948లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా వచ్చింది. ఆ కోవలోని పుస్తకాలు మన ఇళ్ళలో మూడు తరాలుగా ఉన్నాయి. వాటిలో నుడికారాల దగ్గర 'వన్స్' అనీ, 'సమ్‌బడీస్'కు పొట్టి రూపమైన 'ఎస్.బి.స్' అనీ రెండు గుర్తులుంటాయి. చాలామంది కళ్ళు వాటిని దాటి పోతాయి. అక్కడ దాచిన సమాచారం మాత్రం చాలా ఉంది. 'వన్స్' ఉంటే ఆ స్థానంలో వచ్చేది కర్త తాలూకే: ఊపిరి బిగబట్టేవాడు తన ఊపిరే బిగబట్టాలి. 'ఎస్.బి.స్' ఉంటే మరొకరిది. కాలు లాగేది ఎప్పుడూ ఎదుటివాడిదే, తన కాలు తాను లాక్కునేవాడు యోగాసనాలు వేస్తున్నాడని అర్థం. గుండె బద్దలవడం లాంటివి రెండు వైపులా చెల్లుతాయి. కొత్త నిఘంటువులు 'వన్స్' తీసేసి నేరుగా 'యువర్' అని అచ్చు వేస్తున్నాయి. దానివల్ల కొత్త తంటా వచ్చింది. 'ఛేంజ్ యువర్ మైండ్' అని బట్టీ పట్టిన కుర్రాడు "ఐ ఛేంజ్‌డ్ యువర్ మైండ్" అంటాడు, అది వేరే సంగతి అయిపోతుంది.

కాలు లాగడం అన్నాను గదా, అర్థం దగ్గర అదో మోసకారి. ఇంగ్లిషు 'పుల్లింగ్ హిజ్ లెగ్' ఆటపట్టించడం. మనకు కాలు పట్టి లాగడమంటే పైకొచ్చేవాణ్ణి కిందికి దించడం, ఆఫీసుల్లో రోజూ జరిగేది. ఇంతకన్నా గట్టి మోసం నాలుకది. 'బిట్ హిజ్ టంగ్' అంటే అనబోయిన మాటను ఆపుకున్నాడని. మన "నాలుక కరుచుకున్నాడు" అంటే అనేశాక, అయ్యో అనుకున్నాడని. ఒకటే నాలుక, ఒకటే పళ్ళు, మధ్యలో దాటిపోయిన మాటే తేడా. మొదటిదాన్ని రెండోదానిగా అనువదించిన నవలలు నేను చదివాను. పాత్ర ఏమీ అనలేదు, మరి ఎందుకు నాలుక కరుచుకుందో ఎంతకీ అర్థం కాలేదు.

నుడికారంలో ఈ 'వన్స్' స్థానం కదిలేదా, కదలనిదా అన్నది పండితులకు ఇష్టమైన ప్రశ్న. 1994లో నన్‌బర్గ్, సాగ్, వాసో అనే ముగ్గురు 'లాంగ్వేజ్' పత్రికలో నుడికారాల మీద పేరుమోసిన వ్యాసం రాశారు. నుడికారమంటే విడదీయరాని ముద్ద అన్న పాత అభిప్రాయాన్ని కాదన్నారు. చాలా నుడికారాల్లో ఏ ముక్క అర్థం ఆ ముక్కకు ఉంటుంది, కొన్నే నిజంగా ముద్దలు. 'కిక్ ద బకెట్' అలాంటి ముద్ద. అందులో 'ద' తీసి 'హిజ్' పెట్టలేం, పెడితే నిజం బకెట్టే దొర్లుతుంది. వాళ్ళ వాదన ఒప్పుకుంటూనే నాకు తోచింది చెబుతాను: హిజ్, హర్ ఉన్న నుడికారంలో కనీసం ఒక్క కీలు ప్రాణంతో ఉంటుంది, ప్రతి మాటకూ అది కొత్త మనిషి వైపు తిరుగుతుంది. బకెట్ నుడికారం మనకు "బాల్చీ తన్నేశాడు"గా వచ్చి స్థిరపడింది. ముద్దలు అలా సులువుగా దిగుమతి అవుతాయి, కీలున్నవి మొరాయిస్తాయి. మరణం విషయంలోనే 'బ్రీథ్‌డ్ హిజ్ లాస్ట్' పక్కన మన పత్రికల "తుది శ్వాస విడిచారు" పెట్టి చూడండి, హిజ్‌కు ఎక్కడా జాడ ఉండదు.

పుట్టుపూర్వోత్తరాల మీద పాఠకులకు మోజెక్కువ, కట్టుకథలూ ఎక్కువే. కొన్నిటికి ఆధారం గట్టిది. చేతులు కడుక్కోవడం మత్తయి సువార్త 27వ అధ్యాయంలోని పిలాతు నుంచి వచ్చింది. 'స్కిన్ ఆఫ్ మై టీత్' యోబు గ్రంథం 19వ అధ్యాయంలోది. పళ్ళకు చర్మం ఉండదు గనక ఎంత సన్నంగా తప్పించుకున్నాడో ఊహించుకోవాలి. మనకు వెంట్రుకవాసి. గుండెను చొక్కా చేతికి తగిలించుకు తిరగడం ఒథెల్లోలో ఇయాగో మాట. అక్కడ అన్నవాడు పరమ కపటి, నేడు ఆ నుడికారం వాడేది లోపలొకటి బయటొకటి లేనివాళ్ళ గురించి. 'స్టీల్ మై థండర్' వెనక జాన్ డెన్నిస్ కథ చెబుతారు. 1709లో లండన్ డ్రూరీలేన్ థియేటర్లో అతని నాటకం ఆడకుండా పోయింది. దాని కోసం అతను తయారుచేసిన కొత్త ఉరుము చప్పుడును ఆ థియేటరువాళ్ళే తర్వాత మాక్‌బెత్‌కు వాడుకున్నారు. నా ఉరుము దొంగిలించారని అతను మండిపడ్డాడట. ఇక్కడ 'మై' అక్షరాలా సొంతదారు మాటే, పాపం.

'బాబ్స్ యువర్ అంకుల్' విషయంలో అంత ధైర్యం చేయను. "ఇంకేముంది, పనైపోయినట్టే" అని దాని భావం. ప్రధాని సాల్స్‌బరీ ప్రభువు, అసలు పేరు రాబర్ట్, 1887లో మేనల్లుడు ఆర్థర్ బాల్ఫోర్‌కు ఐర్లండ్ వ్యవహారాల పదవి ఇచ్చాడు, అందుకే ఈ మాట పుట్టిందని కథ. పదవి ఇవ్వడం చరిత్రే. నుడికారం మాత్రం అచ్చులో కనిపించేది ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు. అంత రుచికరమైన మాట అన్నేళ్ళు ఎవరి నోటా అచ్చెక్కకుండా ఉండిందా? నేను నమ్మను. మేనమామ ఉంటే ఉద్యోగం వచ్చినట్టే అన్న సంగతి మాత్రం ఏ దేశంవాళ్ళకూ వివరించక్కర్లేదు.

కీలు తుప్పు పట్టి ఒకే మనిషి వైపు బిగుసుకుపోయినవి మరో తెగ. నమ్మశక్యం కాని మాట వింటే ఇంగ్లిషువాడు "మై ఫుట్!" అంటాడు. 'యువర్ ఫుట్' అనడు. మనం "నీ మొహం!" అంటాం. వాడు తన కాలితో సరిపెట్టుకున్నచోట మనం ఎదుటివాడి మొహం దాకా వెళ్ళాం. కాస్త ఉదారంగా ఉన్న రోజున "నా బొంద" అని మన మీదే వేసుకుంటాం. 'మై బ్యాడ్' అమెరికా బాస్కెట్‌బాల్ ఆటస్థలాల్లో తిరిగి, 1995లో వచ్చిన 'క్లూలెస్' సినిమాతో ఊరూవాడా పాకింది. "తప్పు నాదే" అన్నంత బరువు దానికి లేదు, "సారీ, నేనే" అన్నంత. 'బ్లెస్ యువర్ హార్ట్' అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దీవెనా అవుతుంది, దెప్పుడూ అవుతుంది, మన "పాపం" లాగా. 'ఓవర్ మై డెడ్ బాడీ'కి "నా శవం మీదుగా" అని సినిమా డైలాగులు రాస్తున్నారు. "నా కంఠంలో ప్రాణముండగా" అనే సొంత సొత్తు ఇంట్లో ఉండగా అరువెందుకో.

'బీ మై గెస్ట్' గురించి మా బంధువు ఒకాయన చెప్పే సంగతి ఉంది. అమెరికా వెళ్ళిన కొత్తలో ఆఫీసు క్యాంటీన్లో ఖాళీ కుర్చీ చూపించి తీసుకోవచ్చా అని అడిగాడట. అవతలామె "బీ మై గెస్ట్" అంది. నిక్షేపంలా తీసుకోండి అని దానర్థం. ఈయన భోజనానికి పిలిచిందనుకుని ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. ఆమె నిజంగానే పిలిచింది, రెండు కుటుంబాలకూ ఇప్పటికీ రాకపోకలున్నాయి. అన్ని తప్పులూ నా చొక్కాల్లాంటివి కావు.

పిలుపుల్లోకి, సంతకాల్లోకి దూరిన పొసెసివ్‌లైతే మన నోళ్ళలోనే కాపురం పెట్టాయి. తెలుగు సినిమా కోర్టు సీనులో "యువరానర్!" ఒకటే మాట, అందులో 'మీ' ఉందని ఎవరికీ తట్టదు. అసలు కోర్టుల్లో 'మై లార్డ్' నలిగి 'మిలార్డ్' అయింది. 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాన్ని వలసపాలన గుర్తుగా ఎంచి, సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో 'యువర్ ఆనర్' లేదా 'ఆనరబుల్ కోర్ట్' చాలని, కింది కోర్టుల్లో 'సర్' లేదా ప్రాంతీయ భాషలో దానికి సరిపోయే మాట వాడవచ్చని నియమం పెట్టింది. మిలార్డ్ ఇంకా వినబడుతూనే ఉంది. ఇంతకన్నా లోతుగా దాగిన దొంగ 'మేడమ్'. ఫ్రెంచిలో 'మా' అంటే నా, 'దామ్' అంటే దొరసాని. గవర్నమెంటు ఆఫీసులో "మేడమ్ గారూ" అన్న ప్రతిసారీ "నా దొరసాని గారూ" అంటున్నామన్నమాట. మనకూ ఇలాంటివున్నాయి. "మా నాయనే, ఎంత పని చేశావురా!" అన్నప్పుడు ఆ 'మా' ఎవరి వంశవృక్షంలోదో చెప్పండి.

అన్నట్టు 'మా' దగ్గర ఇంగ్లిషు చేతులెత్తేస్తుంది. మా ఇల్లు, మన ఇల్లు రెండూ దానికి 'అవర్ హౌస్' మాత్రమే, విన్నవాణ్ణి కలుపుకున్నామో లేదో తెలీదు. "మా ఆవిడ" అన్నదాన్ని ఇంగ్లిషులో పెట్టబోయి 'అవర్ వైఫ్' అన్నవాళ్ళ మీద జోకులు నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను.

ఉత్తరం చివరికొస్తే, 'డియర్ సర్'కు 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ', పేరు పెట్టి పిలిస్తే 'యువర్స్ సిన్సియర్లీ' అని బ్రిటిష్ మర్యాద. మన బడుల్లో జ్వరానికి సెలవు కోరుతూ 'యువర్స్ ఒబీడియంట్లీ'. దీనికి మన జవాబు 'భవదీయుడు'. సంస్కృతంలో దానర్థం అచ్చంగా 'మీవాడు', అంటే యువర్స్. "ఇట్లు, మీ ఫలానా" అన్నదీ అదే. ఈ యువర్స్‌కు ఎస్ ముందు అపాస్ట్రఫీ పెట్టడం మన అర్జీల్లో అంటువ్యాధి. అది తప్పు, సందేహం లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో చదువుకున్నవాళ్ళే అలా రాశారు గనక, మన పిల్లలు రెండు వందల ఏళ్ళు ఆలస్యంగా సరిగ్గా రాస్తున్నారని సరిపెట్టుకోవచ్చు. 'ఇట్స్' కథ ఇంకా చిత్రం. ఆ మాట అచ్చులోకొచ్చిందే పదహారో శతాబ్దం చివర్లో. అంతకుముందు వస్తువులకూ 'హిజ్' అనేవారు. 1611 బైబిల్లో ఉప్పు సారానికి కూడా 'హిజ్' అనే ఉంది.

'ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్' మీద కాస్త ఆగాలి, మనవాళ్ళు ఎక్కువ తడబడేది ఇక్కడే. "నా స్నేహితుడొకడు" అని తెలుగులో హాయిగా అంటాం. దాన్నే మోసుకెళ్ళి "మై వన్ ఫ్రెండ్" అంటే, నాకున్నది ఒక్కడే అని వినబడుతుంది. ఇంగ్లిషులో 'ఎ', 'మై' రెండూ ఒకే కుర్చీ కోసం పోటీపడతాయి, ఒకేసారి కూర్చోలేవు. అందుకని ఒకటి ముందు కూర్చుని, రెండోది 'ఆఫ్ మైన్'గా వెనక నిలబడుతుంది. మన భాషలో కుర్చీల కొరత లేదు.

చివరగా హిజ్ తగాదా. 'టు ఈచ్ హిజ్ ఓన్' అన్నప్పుడు ఆడవాళ్ళెక్కడ? 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 8వ సెక్షన్ 'హి', దాని నుంచి వచ్చే రూపాలన్నీ ఆడా మగా ఇద్దరికీ వర్తిస్తాయని తేల్చేసింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత అందులోకి ట్రాన్స్‌జెండర్లనూ చేర్చింది. మాట మాత్రం హి గానే ఉంచింది. వాడుకలో జనం 'దెయిర్' వైపు జరిగిపోయారు. 2019లో మెరియం-వెబ్‌స్టర్ 'దే'ని ఆ ఏటి మాటగా ఎంచుకుంది కూడా. మనకు ఈ గొడవే లేదు. ఎవరి ఇష్టం వాళ్ళది, ఎవరి పిచ్చి వాళ్ళకానందం. ఆ 'వాళ్ళు'లో అందరికీ చోటుంది, ఏ చట్టమూ చెయ్యకుండానే.

ఇన్నీ చూశాక అనువాదాల్లోకి తిరిగొస్తే, "అతను తన చేతిని తన జేబులో పెట్టుకుని తన తలను ఊపాడు" లాంటి వాక్యాలు పళ్ళకింద రాళ్ళలా తగులుతాయి. మూడు తనలూ తీసేసినా ఎవరి చెయ్యి, ఎవరి జేబు అని అడిగే పాఠకుడు తెలుగునాట పుట్టలేదు. ఈమధ్య యంత్రాలు చేసే అనువాదాల్లోనూ ఇదే జబ్బు. వాటిని అనలేం, మనం రాసిన తనలు చూసే నేర్చుకున్నాయి.

ఇంగ్లిషు-తెలుగు నిఘంటువులు చేసేవాళ్ళకు ఒక్క మనవి. 'వన్స్' కనబడిన ప్రతిచోటా 'తన' అని వేయకండి. పక్కన క్రియను కొనుతో ఇవ్వండి: మార్చుకొను, దులుపుకొను, తేల్చుకొను. 'సమ్‌బడీస్' దగ్గర కొను లేకుండా ఇవ్వండి. చొక్కా దగ్గర మాత్రం ఏ తంటా పడకుండా "నిండా మునుగు" అని వేయండి. రాత్రి పదకొండు దాటాక డెస్కులో కూర్చున్న కొత్త కుర్రాడికి అదే చాలు.